బొటనవేలి కొలత

కరెంటు బిల్లు వెనుక గీసిన మొదటి బొమ్మ
అచ్చం కొబ్బరినూనె డబ్బా లెక్కనే ఉండె.
మూతకు ఏడు బెజ్జాలు,
లోపల గుప్పెడు ఆవాలు.

కొత్తవాడల మా డాబా మీద, రేకుల నీడకింద
పొద్దున్నే నలభై ట్రేలు నోరు తెరుచుకొని ఉంటయి.
మట్టి లేదు. తడిపిన కొబ్బరిపీచు చాప ఒక్కటే,
దాని కిందనుంచి సన్నగ నీళ్ళు.

చేత్తో చల్లితే
ఒక్కకాడ కుప్ప, ఒక్కకాడ బట్టతల.
కుప్పల బూజు పడుతది.
హన్మకొండ హోటలాయన ట్రేను అటు తిప్పి ఇటు తిప్పి
సగం పైసలు చేతుల పెడుతడు.

అందుకని డబ్బా.
వంచితే ఒక్క గింజ రాలే.
గట్టిగ ఊపితే అన్నీ ఒక్కసారే,
బడి ఇడిసిపెట్టినట్టు.

రెండోది కాజీపేటల ప్రింటు చేయించిన, తెల్ల ప్లాస్టిక్కుది.
చూస్తె ముచ్చటగుంది.
ఆవాలు పోసిన. గోడలకు అతుక్కొని కూసున్నయి,
దువ్వెనకు కాగితపు ముక్కలు అతుకుతయి చూడు, అట్ల.
ఆవగింజంత దానికి అంత పంతమేందో.

మూడోది మండిబజార్ల యాకయ్య లేతు మీద తిప్పిండు, ఇత్తడిది.
బొంగరమంత రోలరు, ఒంటినిండ గుంటలు.
గుంటకు నాలుగు ముల్లంగి గింజలు పట్టాలె,
ఎక్కువైనవి బ్రష్షు గీకెయ్యాలె.
"రెండు మిల్లీమీటర్లా, రెండుంబావా?" అని
మూడుసార్లు అడిగి యాకయ్య కసిరిండు:
"ఒక్క తల్లి పిల్లలే ఒక్క సైజుండరు, గింజలుంటయా?"
తోటకూర గింజలు సందుల దూరి రోలరును బిగబట్టినయి.
పొద్దుతిరుగుడు గింజ గుమ్మంకాడ్నే అడ్డం పడ్డది.

కొమురమ్మ మా ట్రేలు కడుగుతది.
అంతకుముందు ముప్పైయేండ్లు మెట్‌పల్లిల బీడీలు చుట్టింది.
నా తంటా రెండు నెలలు చూసి చూసి
ఒకనాడు తడిచెయ్యి కొంగుకు తుడుచుకొని
మూడువేళ్ళ నడుమ గింజలు పట్టి
బొటనవేలు జరంత జరిపింది.
మణికట్టు కదలలే.
వేలు ఒక్కటే నడిచింది
ట్రే ఈ అంచునుంచి ఆ అంచుదాక,
తునికాకు మీద తంబాకు పరిచినట్టు.

నేను కాంటా తెచ్చిన.
పన్నెండు గ్రాములు.
ఇంకో ట్రే, పన్నెండు.
మూడోది పదకొండున్నర.
"తుమ్మొచ్చింది" అన్నది.

మైనం ముద్దల ఆమె బొటనవేలు ఒత్తించుకున్న.
అచ్చు పడ్డది, గీతలు పడలే.
వాగుల రాయి లెక్క నున్నటి గుంట.
"గీతలేడున్నయే" అని నవ్వింది,
"రేషన్ దుకాణంల మిషిన్ నన్ను పట్టదు.
నెలనెల నాలుగుమాట్ల వేలు పెడుత,
నేను నేను కాదంటది.
నువ్వేమో ఇదే వేలు చూసి మిషిన్ చేస్తనంటివి."

ఆ రాత్రి పాత బొమ్మల మీద గీత కొట్టిన.
ఇగ బెజ్జాలొద్దు, ఊపుడొద్దు.
పిడికిట్ల ఇమిడే గొట్టం, లేత వెదురంత మందం.
మూతికాడ సైకిల్ ట్యూబు ముక్కతోని నాలిక.
బొటనవేలితో వెనక్కి గుంజితే
సందు వెంట్రుకంత తెరుచుకుంటది,
వదిలితే పెన్ను స్ప్రింగు మూస్తది.
తోటకూరకు మర ఒక చుట్టు, మెంతులకు మూడు.
వేలు ఆనేకాడ ఆమె గుంట.

కొమురమ్మ తిప్పి చూసింది, వాసన చూసింది,
ఒక ట్రే నింపింది.
"దీనికేం, నొప్పి లేదు గద" అన్నది.
పొగిడిందో తిట్టిందో నాకు తెలువలే.

ఆరోరోజు మూత తీస్తె
ముల్లంగి మొలకలు ఎర్రకాడల మీద ఒక్క ఎత్తున నిలబడ్డయి.
ఒక మూల రూపాయి బిళ్ళంత ఖాళీ,
స్ప్రింగు మొరాయించినకాడ.
హోటలాయన చూడలే.
నేను చూసిన.

పొద్దుతిరుగుడుకు ఇంక దారి దొరకలే.
ఏ మర తిప్పినా అడ్డమే పడుతున్నది.

ఈ నెల ఆరోమాటుకు
రేషన్ మిషిన్ పచ్చలైటు వేసిందట.
"గుర్తుపట్టిందే" అనుకుంట
కొమురమ్మ బియ్యం సంచి మెట్లమీద దించి
చేతులు కడుక్కొని
పొద్దుతిరుగుడు గింజలు నానబెట్టబోయింది.